హీమోఫిలియా ఉన్న తమ్ముడికి ఫ్లూ పాజిటివ్ వచ్చింది, ఎంత భయపడాలి?

ఖమ్మం_అక్క:

అందరికీ నమస్తే. మా తమ్ముడికి 23 ఏళ్ళు. సివియర్ హీమోఫిలియా ఎ, రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ఫ్యాక్టర్ 8 అనే ప్రోటీన్ ఒక శాతం కూడా లేదు. ముందుజాగ్రత్తగా వారం వారం ఆ ఫ్యాక్టర్ వేయించుకునే పద్ధతి వాడికి లేదు, ఎక్కడైనా బ్లీడ్ అయితే పరిగెత్తి వేయించుకోవడమే. మొన్నటి నుంచి జ్వరం, ఒళ్ళంతా నొప్పులు, ఆగకుండా పొడి దగ్గు. టెస్టు చేయిస్తే ఇన్‌ఫ్లుయెంజా ఎ అని వచ్చింది. ఇక్కడి ఫిజీషియన్ గారు ఫ్లూకి ఓసెల్టామివిర్, జ్వరానికి పారాసిటమాల్ రాసి, "హీమోఫిలియా సంగతి మాత్రం మీరు చూపించుకునే చోటే అడగండమ్మా" అన్నారు. వాళ్ళకి చేస్తుంటే ఫోన్ ఎవరూ ఎత్తడం లేదు, రేపు చూస్తే ఆదివారం.

ఇంట్లో తలా ఒక మాట. మా పెదనాన్న ఏమో "కరోనాలో జనం పోయింది రక్తం గడ్డకట్టే కదా, వీడి రక్తం అసలే గడ్డకట్టదు, వీడికేం కాదు, ఒకరకంగా అదృష్టవంతుడు" అంటారు. మా మేనత్త ఏమో "ఇలాంటి పిల్లలకి జలుబు చేసినా గండమే" అని ఏడుపు మొదలుపెట్టింది. ఇద్దరిలో ఎవరి మాట నిజం? ఫ్లూ, కరోనా లాంటివి హీమోఫిలియా వాళ్ళకి మిగతావాళ్ళ కంటే ఎక్కువ ముదురుతాయా?

ఇంకోటి. మా వీధిలో ఆర్‌ఎంపీ గారు పాపం మంచి మనసుతోనే ఇంటికొచ్చి "ఒక్క ఇంజెక్షన్ వేస్తే రాత్రికల్లా జ్వరం దిగిపోద్ది" అని సిరంజి కూడా తీశారు. నేను చెయ్యి అడ్డం పెట్టేశాను. ఆయన మొహం మాడ్చుకుని వెళ్ళారు, అమ్మ నన్ను తిట్టింది. నేను చేసింది కరెక్టేనా చెప్పండి.

తెనాలి_ఫ్యాక్టర్8:

చెల్లెమ్మా, ఆ చెయ్యి అడ్డం పెట్టావు చూడు, ఈ జ్వరంలో మీ తమ్ముడికి జరిగిన పెద్ద మేలు అదే. అమ్మకి నా మాటగా చెప్పు. నాదీ సివియరే, నలభై దాటాయి, తుంటికి వేసిన సూది పుణ్యమా అని తొడంతా నల్లబడి మంచం పట్టినవాళ్ళని మా బ్యాచ్‌లో చూశాను. కండలోకి సూది దిగితే లోపల రక్తం కారుతూనే ఉంటుంది, పైకి కనపడదు. పైగా జ్వరానికని ఒళ్ళు నొప్పులకని వేసే ఆ సూదిలో చాలాసార్లు ఉండేది డైక్లోఫెనాక్, అది ప్లేట్‌లెట్ల పని కూడా చెడగొడుతుంది. అసలే ఫ్యాక్టర్ లేదు, ఉన్న ప్లేట్‌లెట్లనీ పనిచేయనీయకపోతే ఇంకేం మిగిలింది?

మాత్రల్లో కూడా అదే జాగ్రత్త. జ్వరానికి, నొప్పులకి ఉత్తి పారాసిటమాల్ తప్ప ఇంకేదీ వద్దు. మెడికల్ షాపులో "జ్వరం, ఒళ్ళు నొప్పులు" అంటే చాలు కాంబిఫ్లామో జీరోడాల్ పీయో చేతిలో పెడతారు. మొదటిదాంట్లో ఐబూప్రొఫెన్ ఉంటుంది, రెండోదాంట్లో అసిక్లోఫెనాక్. డిస్ప్రిన్ అంటే ఆస్పిరినే. మెఫ్తాల్, నిమెసులైడ్ కూడా ఆ కోవలోవే. పేరు చూసి సరిపెట్టుకోకండి, అట్ట వెనక చిన్న అక్షరాల్లో ఏం రాసుందో చదవండి. పారాసిటమాల్ కూడా రెండు మూడు పేర్లతో ఇంట్లో ఉంటుంది, జలుబు మాత్రలో కూడా కలిపి ఉంటుంది, అన్నీ కలిపి మింగితే లివర్ మీద పడుతుంది. మా వయసు వాళ్ళలో చాలామందికి పాతరోజుల్లో ఎక్కించిన రక్తం వల్ల హెపటైటిస్ సి వచ్చింది, వాళ్ళు డాక్టరు చెప్పిన డోసు దాటనే కూడదు.

మీ పెదనాన్న గారి మాట నేను 2020లో కనీసం పదిమంది నోట విన్నాను. అందులో ఒకాయన నా దగ్గరికి మాస్కు లేకుండా వచ్చి కూర్చుని మరీ చెప్పాడు. నాకు కరోనా వచ్చింది, అందరికీ వచ్చినట్టే వచ్చింది, తగ్గింది. నన్ను నిజంగా ఏడిపించింది మాత్రం లాక్‌డౌన్. మోకాలు వాచింది, బస్సుల్లేవు, ఫ్యాక్టర్ ఉన్న ఆసుపత్రి ఇంకో జిల్లాలో, పాస్ తెచ్చుకుని వెళ్ళేసరికి మోకాలు కుండంత అయింది. ఆ కీలు ఇప్పటికీ పూర్తిగా వంగదు. అంటే వైరస్ చేయలేని పని దారి మూసేయడం వల్ల జరిగింది.

ఫోన్ ఎత్తకపోతే హీమోఫిలియా ఫెడరేషన్ చాప్టర్ వాళ్ళకి చెయ్యండి. హైదరాబాద్‌లో చాప్టర్ ఉంది, ఎక్కడ ఫ్యాక్టర్ స్టాకు ఉందో వాళ్ళకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

హెమటాలజీ_రెసిడెంట్:

నేను హెమటాలజీలో ట్రైనింగ్‌లో ఉన్నాను. మీ తమ్ముడిని చూడకుండా చెప్తున్నాను కాబట్టి ఇవి సాధారణ విషయాలుగానే తీసుకోండి.

మీ మేనత్త గారి భయం సగం తప్పు, మీ పెదనాన్న గారి ధీమా పూర్తిగా తప్పు. హీమోఫిలియా అంటే రోగనిరోధక శక్తి లోపం కాదు. తెల్లరక్తకణాలు, యాంటీబాడీలు అందరిలా పనిచేస్తాయి. అందుకే కోవిడ్ కొత్తలోనే ప్రపంచ హీమోఫిలియా సమాఖ్య చెప్పింది, హీమోఫిలియా ఉన్నంత మాత్రాన వైరస్ సోకే అవకాశం గానీ జబ్బు ముదిరే అవకాశం గానీ పెరగదని. ముదిరినవాళ్ళలో కనిపించినవి అందరిలో కనిపించినవే: వయసు, షుగర్, బీపీ, ఊబకాయం, ముందే పాడైన లివర్. ఇందులో ఒక మెలిక ఉంది. కీళ్ళు పాడై నడక తగ్గినవాళ్ళు బరువు పెరుగుతారు, పాతతరం వాళ్ళలో హెపటైటిస్ సి ముదిరి సిర్రోసిస్ దాకా వెళ్ళినవాళ్ళుంటారు. అలాంటివారికి ప్రమాదం ఎక్కువే, కానీ ఆ లెక్క హీమోఫిలియా ఖాతాలో కాకుండా దాని వెంట వచ్చిన వాటి ఖాతాలో రాసుకోవాలి. 23 ఏళ్ళ కుర్రాడికి ఇవేవీ లేకపోతే ఫ్లూ మామూలు ఫ్లూలానే ఉంటుంది.

ఓసెల్టామివిర్‌కి, రక్తం గడ్డకట్టడానికి సంబంధం లేదు, నిశ్చింతగా వాడొచ్చు. లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. పెద్దవాళ్ళకి మామూలుగా 75 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు, 5 రోజులు. జ్వరం తగ్గిందని మధ్యలో ఆపకండి.

నాకు టెన్షన్ పెట్టేది దగ్గు. బలంగా, గంటల తరబడి దగ్గితే పొట్ట కండరాల్లో, నడుము లోపలి నుంచి తొడలోకి దిగే ఇలియోసోయాస్ అనే కండరంలో బ్లీడ్ అవ్వొచ్చు. ఫ్లూలో ఎలాగూ ఒళ్ళంతా నొప్పులే కాబట్టి ఇది అందులో కలిసిపోయి ఎవరికీ తట్టదు. గజ్జల్లో గానీ పొత్తికడుపులో ఒకవైపు గానీ నొప్పి ఉందా, కాలు మడిచి పడుకుంటున్నాడా, చాపమంటే చాపలేకపోతున్నాడా, తొడ ముందుభాగం తిమ్మిరిగా ఉందా, ఇవి అడిగి చూడండి. ఆ వైపు కాలు నిటారుగా చాపలేకపోతే అది ఫ్లూ నొప్పి కాదు.

తలనొప్పి సంగతి కూడా ఇలాంటిదే. ఫ్లూలో తలనొప్పి అందరికీ ఉంటుంది, పారాసిటమాల్‌కి తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది. తగ్గకుండా పెరుగుతూ పోతున్నా, వాంతులవుతున్నా, మగతగా ఉన్నా, మాట తడబడినా ముందు ఫ్యాక్టర్ వేయించండి, ఆ తర్వాతే సీటీ స్కాన్. స్కాన్ రిపోర్టు వచ్చేదాకా ఫ్యాక్టర్ ఆపితే చేతులారా సమయం పోగొట్టుకున్నట్టే. లెక్క తెలిసుంటే మంచిది కాబట్టి చెప్తున్నా: ఒంటి బరువులో కిలోకి 1 యూనిట్ ఫ్యాక్టర్ 8 వేస్తే రక్తంలో సుమారు 2 శాతం పెరుగుతుంది. తలలో బ్లీడ్ అనుమానం ఉంటే 80 నుంచి 100 శాతానికి తీసుకెళ్ళాలి. 60 కిలోల మనిషికి 100 శాతం కావాలంటే 3000 యూనిట్లు. పైగా ఇది 8 నుంచి 12 గంటల్లో సగం అయిపోతుంది, మళ్ళీ వేయాలి. చిన్న ఆసుపత్రిలో 500 యూనిట్ల వయల్ ఒకటి ఎక్కించి "వేసేశాం కదా" అని పంపిస్తే ఏ మూలకీ సరిపోదని ఈ లెక్క తెలిస్తే మీకే అర్థమవుతుంది.

ఇంకొక్క మాట, వానాకాలం గనక. ఫ్లూ పాజిటివ్ వచ్చింది కదా అని డెంగీని మర్చిపోకండి, రెండూ ఒకేసారి ఉండొచ్చు. ఒకసారి సీబీసీ (రక్తకణాల లెక్క) చేయించి ప్లేట్‌లెట్లు చూసుకోండి. హీమోఫిలియా మీద డెంగీ పడితే అది ఫ్లూ అంత తేలిక కాదు.

కృష్ణాతీరం:

డాక్టర్ గారికి ఒక ప్రశ్న. కరోనాలో ఆసుపత్రిలో చేరిన ప్రతివాళ్ళకీ రక్తం పలచబడటానికి ఇంజెక్షన్లు ఇచ్చారు. మా బాబాయికి కూడా రోజూ పొట్టకి ఇచ్చారు. మరి పుట్టుకతోనే రక్తం పలచగా ఉన్నవాళ్ళకి ఆ ఇంజెక్షన్లు అక్కర్లేదు కదా? లాజిక్ ప్రకారం ఈ అమ్మాయి పెదనాన్న చెప్పిందాంట్లో కొంత నిజం ఉండాలి. పూర్తిగా తప్పు అని కొట్టిపారేయడం నాకు నచ్చలేదు.

హెమటాలజీ_రెసిడెంట్:

అడగాల్సిన ప్రశ్నే అడిగారండి, 2020లో హెమటాలజిస్టులు కూడా దీని మీద తర్జనభర్జన పడ్డారు. హీమోఫిలియా కాస్త కాపాడుతుందేమో అన్న ఊహ అప్పట్లో ఉన్న మాట నిజమే, కానీ దాన్ని నమ్ముకుని వైద్యం చేసేంత ఆధారం రాలేదు.

కోవిడ్ ముదిరినప్పుడు గడ్డలు కట్టడానికి కారణం ఒక్క ఫ్యాక్టర్ 8 కాదు. రక్తనాళాల లోపలి పొర దెబ్బతింటుంది, అక్కడి నుంచి ప్లేట్‌లెట్లని అతికించే ఫాన్ విల్లెబ్రాండ్ ఫ్యాక్టర్ కుప్పలు తెప్పలుగా బయటికి వస్తుంది, ప్లేట్‌లెట్లు రెచ్చిపోతాయి, మనిషి కదలకుండా మంచం మీద ఉంటాడు. ఏటికి ఒక పాయ ఎండిపోయినంత మాత్రాన మిగతా పాయల్లో వరద ఆగదు కదా. పైగా ఆసుపత్రిలో చేరిన హీమోఫిలియా పేషెంట్‌కి మనం ఫ్యాక్టర్ ఎక్కిస్తాం. ఎక్కించి 80 శాతానికి తెచ్చామంటే ఆ గంటల్లో అతని రక్తం మీలాగే నాలాగే గడ్డకడుతుంది, "పుట్టుకతో పలచన" అన్న మాటకి అక్కడ అర్థం లేదు.

కాబట్టి అప్పటి సలహా ఏంటంటే, కోవిడ్‌తో అడ్మిట్ అయిన హీమోఫిలియా వాళ్ళకి ముందు ఫ్యాక్టర్ ఇచ్చి, సుమారు 30 శాతానికి పైన నిలబెట్టి, దాని మీద తక్కువ డోసు హెపారిన్, అంటే మీరన్న ఆ రక్తం పలచబరిచే ఇంజెక్షన్, ఇవ్వాలి. రెండూ కలిపి. ఫ్యాక్టర్ లేకుండా హెపారిన్ ఇస్తే బ్లీడ్ అవుతుంది, హీమోఫిలియా కదా అని హెపారిన్ మానేస్తే గడ్డ కట్టొచ్చు. వార్డులో ఈ రెండు తప్పులూ తేలిగ్గా జరిగేవే, ఎందుకంటే కోవిడ్ వార్డు చూసేది ఒకరు, హెమటాలజీ ఇంకెక్కడో. డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్లు ఇచ్చినప్పుడు కడుపులో పుండు నుంచి రక్తం పోకుండా ఆసిడ్ తగ్గించే మందు కూడా జత చేస్తాం, ఇది చిన్న విషయమే అయినా మర్చిపోతుంటారు.

ఇంట్లో ఉండి తగ్గిపోయే ఫ్లూకి ఈ గొడవంతా లేదు. ఖమ్మం అక్కగారు, మీరు ఇవన్నీ చదివి హెపారిన్ గురించి కంగారు పడకండి. కాలు సంగతి చూశారా?

రాణి_వీడబ్ల్యూడీ:

హీమోఫిలియా అంటే మగపిల్లల జబ్బు అని అందరూ అక్కడే ఆగిపోతారు కాబట్టి నా సంగతి చెప్తాను. నాకు ఫాన్ విల్లెబ్రాండ్ వ్యాధి, అంటే ఆ ఫ్యాక్టర్ తక్కువగా ఉండే జబ్బు, టైప్ 1. చిన్నప్పటి నుంచి నెలసరిలో బకెట్లు బకెట్లు, ముక్కు నుంచి రక్తం, పన్ను తీయిస్తే రెండ్రోజులు ఆగకపోవడం. చివరికి ఒకచోట టెస్టు చేస్తే "లెవెల్స్ నార్మల్, నీకేం లేదు, బలం మందులు వాడు" అని పంపేశారు. ఆ రోజు నాకు మంచి జ్వరం, జలుబు. ఆ సంగతి వాళ్ళు అడగలేదు, చెప్పాలని నాకు తెలియదు. కొన్ని నెలల తర్వాత ఒంట్లో బాగున్నప్పుడు వేరేచోట చేయిస్తే లెవెల్ సగం కంటే బాగా తక్కువ. అప్పుడు అక్కడి మేడమ్ వివరంగా చెప్పారు, ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు ఫాన్ విల్లెబ్రాండ్ ఫ్యాక్టర్, ఫ్యాక్టర్ 8 రెండూ వాటంతటవే పెరుగుతాయట, గర్భంతో ఉన్నప్పుడు కూడా అంతే. కాబట్టి జ్వరంలో చేయించిన టెస్టు చూసి జబ్బు లేదనుకోవడానికి వీల్లేదు.

దీనివల్ల తమాషా ఏంటంటే, నాలాంటి తేలిక రకం వాళ్ళకి జ్వరం రోజుల్లో బ్లీడింగ్ కాస్త తక్కువగానే ఉంటుంది. నాకు అలాగే అనిపిస్తుంది. డాక్టర్ గారు, ఇది నిజమేనా? అలాగైతే ఖమ్మం తమ్ముడికి కూడా పెరగాలి కదా?

ముక్కు గురించి కూడా ఒక మాట. జలుబులో గట్టిగా చీదకండి, ఉప్పునీటి చుక్కలు వేసుకోండి. రక్తం వస్తే తల వెనక్కి వాల్చడం మన ఇళ్ళల్లో అలవాటు, అలా చేస్తే గొంతులోకి పోయి వాంతి అవుతుంది. ముందుకి వంగి కూర్చుని ముక్కు మెత్తని భాగాన్ని గట్టిగా పట్టుకోవాలి. ఒంట్లో ఈ ఫ్యాక్టర్లని పెంచే డెస్మోప్రెసిన్ ముక్కు స్ప్రే వాడేవాళ్ళు ఎవరైనా ఉంటే, ముక్కు దిబ్బడగా ఉన్నప్పుడు అది సరిగ్గా ఒంటికి పట్టదు, స్ప్రే కొట్టాం కదా అని ఊరుకోకండి.

హెమటాలజీ_రెసిడెంట్:

రాణి గారు, టైప్ 1లో, తేలికపాటి హీమోఫిలియా ఎ లో పెరుగుతుంది, ఎందుకంటే వాళ్ళ ఒంట్లో తయారీ తక్కువగానైనా ఉంది, జ్వరం దాన్ని ఎగదోస్తుంది. సివియర్ వాళ్ళలో తయారీయే లేదు, ఎగదోయడానికి ఏముంటుంది? ఖమ్మం తమ్ముడికి ఫాన్ విల్లెబ్రాండ్ పెరుగుతుంది కానీ ఫ్యాక్టర్ 8 పెరగదు. హీమోఫిలియా బి వాళ్ళ ఫ్యాక్టర్ 9 విషయంలో కూడా ఈ పెరుగుదల మీద ఆశ పెట్టుకోకూడదు. ఇక మేనరికాల వల్ల మన దగ్గర ఎక్కువగా కనిపించే టైప్ 3 ఫాన్ విల్లెబ్రాండ్ (ఆ ఫ్యాక్టర్ దాదాపు లేని రకం), ఫ్యాక్టర్ 13 లోపం, గ్లాంజ్‌మన్ లాంటి ప్లేట్‌లెట్ జబ్బులు ఉన్నవాళ్ళు కూడా దగ్గు, తలనొప్పి విషయంలో సివియర్ హీమోఫిలియా వాళ్ళంత జాగ్రత్తగానే ఉండాలి. ఫ్యాక్టర్ 13 లోపంలో అయితే తలలో బ్లీడ్ భయం మరీ ఎక్కువ.

గుంటూరు_నాన్న:

మధ్యలో వచ్చి అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మా బాబుకి 7 ఏళ్ళు, సివియర్ ఎ, ఎమిసిజుమాబ్ (ఫ్యాక్టర్ 8 బదులు పనిచేసే ఇంజెక్షన్) మీద ఉన్నాడు, దేవుడి దయ వల్ల బ్లీడ్లు దాదాపు ఆగిపోయాయి. వాడికీ ఇప్పుడు జలుబు జ్వరం. ఈ వారం డోసు ఉంది, జ్వరంలో వేయించొచ్చా? మా పిల్లల డాక్టరు గారు రక్తం ఎన్ని సెకన్లలో గడ్డకడుతుందో చూసే ఏపీటీటీ టెస్టు చేయించారు, నార్మల్ వచ్చింది, "జబ్బు కంట్రోల్లో ఉంది, ఏ మందైనా వాడొచ్చు" అన్నారు. నాకెందుకో నమ్మకం కుదరడం లేదు.

ల్యాబ్_మనిషి:

మీ అనుమానం కరెక్టండి. నేను కోయాగ్యులేషన్ ల్యాబ్‌లో పనిచేస్తాను, ఈ రిపోర్టులు రోజూ చూస్తాం. ఎమిసిజుమాబ్ ఉన్న రక్తంలో ఏపీటీటీ ఎప్పుడూ బాగానే వస్తుంది, ఒక్కోసారి నార్మల్ కంటే తక్కువ సెకన్లు కూడా వస్తుంది. మందు ఆ టెస్టుని మాయ చేస్తుంది, అంతే. ఫ్యాక్టర్ 8 లెవెల్ మామూలు పద్ధతిలో చేస్తే అదీ లేనిపోనంత ఎక్కువ చూపిస్తుంది. నిజమైన ఫ్యాక్టర్ 8 తెలియాలంటే గొడ్డు ప్రోటీన్లతో చేసే క్రోమోజెనిక్ టెస్టు కావాలి, అది అన్ని ల్యాబుల్లో ఉండదు. మీ బాబు ఇప్పుడు తేలికపాటి హీమోఫిలియా ఉన్న పిల్లాడితో సమానం అనుకోండి, మామూలు పిల్లాడు మాత్రం కాదు. ఐబూప్రొఫెన్ సిరప్ వద్దు, తుంటి సూదులు వద్దు.

ఒకవేళ ఎవరైనా ఈ మందు మీద ఉండి ఆసుపత్రిలో చేరి హెపారిన్ పడితే, దాన్ని ఏపీటీటీతో కొలవకూడదు, హెపారిన్ పనిని నేరుగా కొలిచే యాంటీ టెన్ ఏ టెస్టుతో చూడాలి. మా దగ్గరికి సాంపిల్ వచ్చేటప్పుడు ఫారం మీద మందు పేరు రాయండి బాబూ అని మొత్తుకుంటాం, పదింట ఎనిమిది ఫారాలు ఖాళీగా వస్తాయి.

హెమటాలజీ_రెసిడెంట్:

గుంటూరు నాన్న గారు, జలుబు జ్వరానికి ఎమిసిజుమాబ్ ఆపాల్సిన పని లేదు, చర్మం కింద వేసేదే కదా. ఈ మందు ఒంట్లో సగం అవ్వడానికే సుమారు నాలుగు వారాలు పడుతుంది కాబట్టి బాబు మరీ నీరసంగా ఉంటే ఒకటి రెండు రోజులు అటూ ఇటూ అయినా కొంపలేం మునగవు, మీ సెంటర్‌కి ఒక మాట చెప్పి జరుపుకోండి. ఇన్‌హిబిటర్ (వేసిన ఫ్యాక్టర్‌ని పనిచేయనీయని యాంటీబాడీ) ఉన్న పిల్లలైతే మాత్రం ఒక హెచ్చరిక. బ్లీడ్ అయినప్పుడు పాత అలవాటు కొద్దీ ఫ్యాక్టర్ 8 బదులు వాడే ఫీబా అనే మందు వేసేస్తారు. ఎమిసిజుమాబ్ మీద ఉండగా ఫీబా రోజుకి కిలోకి 100 యూనిట్లు దాటి, ఒక రోజుకి మించి వాడితే చిన్న రక్తనాళాల్లో గడ్డలు కట్టిన సంఘటనలు ఉన్నాయి. ఎమిసిజుమాబ్ మీద ఉన్నట్టు తెలిపే కార్డు పర్సులోనే ఉంచండి.

మందు ఎక్కించడానికి ఛాతీలో చర్మం కింద పోర్ట్ పెట్టించుకున్న పిల్లలున్న ఇళ్ళవాళ్ళు ఎవరైనా చదువుతుంటే: మీ పిల్లలకి జ్వరం వస్తే ఇంట్లో అందరికీ జలుబుంది కదా, అదే అయ్యుంటుందని సరిపెట్టుకోకండి. పోర్ట్‌లో ఇన్‌ఫెక్షన్ కాదని తేలేదాకా అదే అనుకోవాలి, బ్లడ్ కల్చర్ చేయించాలి.

ఖమ్మం_అక్క:

డాక్టర్ గారు, మీరు చెప్పింది చదివి వాణ్ణి మంచం మీద పడుకోబెట్టి చూశాను. కుడి కాలు మామూలుగానే చాపాడు. ఎడమ కాలు కింద దిండు పెట్టుకుని మడిచే ఉంచాడు, చాపరా అంటే "నడుము పట్టేసిందక్కా, దగ్గి దగ్గి" అన్నాడు. పట్టుబట్టి చాపమంటే నడుము పైకి లేపి చాపుతున్నాడు గానీ వీపు మంచానికి ఆనడం లేదు. గజ్జల్లో నొక్కితే అరిచాడు. ఇది అదేనా?

తెనాలి_ఫ్యాక్టర్8:

అదే. ఫోన్ పక్కన పెట్టి బండెక్కు తల్లీ. నడిపించకండి, కుర్చీలో కూర్చోబెట్టి దించండి. దగ్గర్లో ఎక్కడ ఫ్యాక్టర్ ఉంటే అక్కడికి, పెద్దాసుపత్రికి రేపు వెళ్దాం అనుకోవద్దు. ఫ్యాక్టర్ లేదంటే క్రయో (దానం చేసిన రక్తం నుంచి తీసే, ఫ్యాక్టర్ 8 ఉండే భాగం) అన్నా ఎక్కించమనండి, ఖాళీగా ఉండటం కంటే నయం.

హెమటాలజీ_రెసిడెంట్:

వెళ్ళండి. "ఇలియోసోయాస్ బ్లీడ్ అనుమానం, సివియర్ హీమోఫిలియా ఎ, ఫ్లూ పాజిటివ్" అని కాగితం మీద రాసి క్యాజువాల్టీలో మొదటే చూపించండి. ముందు ఫ్యాక్టర్, తర్వాత అల్ట్రాసౌండ్. హిమోగ్లోబిన్ చూడమనండి, అక్కడ చాలా రక్తం చేరినా బయటికి తెలియదు. మాస్కు పెట్టించండి, వార్డులో మిగతావాళ్ళకి అంటకుండా.

ఖమ్మం_అక్క:

అందరికీ చెప్దామని వచ్చాను. ఇక్కడి ఆసుపత్రిలోనే ఫ్యాక్టర్ ఉంది, వెళ్ళగానే కాగితం చూపించాను. క్యాజువాల్టీలో ఉన్న చిన్న డాక్టరు మొదట "ఫ్లూ నొప్పులేనమ్మా" అన్నారు, కాలు చాపించి చూసి ఇంకేం మాట్లాడకుండా ఫ్యాక్టర్ తెప్పించారు. అల్ట్రాసౌండ్‌లో ఎడమవైపు ఆ కండరంలోనే రక్తం చేరిందని తేలింది, పెద్దది కాదన్నారు. పూటపూటకీ ఫ్యాక్టర్ వేశారు. హిమోగ్లోబిన్ కొద్దిగా తగ్గింది, రక్తం ఎక్కించేంత కాదు. ప్లేట్‌లెట్లు బాగున్నాయి, డెంగీ లేదు. ఇప్పుడు జ్వరం పూర్తిగా పోయింది, దగ్గు కూడా సన్నగిల్లింది, కాలు మాత్రం నిదానంగా చాపుతున్నాడు. ఫిజియోథెరపీ తొందరపడి మొదలుపెట్టొద్దని, నొప్పి పూర్తిగా తగ్గాక స్కాన్ చూసి చెప్తామని అన్నారు. మంచం దిగొద్దన్నారని వాడికి విసుగు, రోజంతా క్రికెట్ చూస్తూ నామీద అరుస్తున్నాడు.

మా పెదనాన్న వచ్చి చూసి "అయితే ఫ్లూ ఏం చేయలేదు కదా, నే చెప్పలా" అన్నారు. ఏం చెప్పాలో తెలియక టీ పెట్టిచ్చాను.

ఒక్క డౌటు మిగిలింది. ఏడాదికోసారి వేయించుకునే ఫ్లూ టీకా వీడికి వేయించొచ్చా? ఫ్లూ వచ్చి తగ్గింది కదా, ఈ ఏడాదికి ఇంక అక్కర్లేదా? కరోనా టీకాలప్పుడు వీణ్ణి ఒక సెంటర్లో "బ్లీడింగ్ జబ్బు ఉన్నవాళ్ళకి వేయం" అని తిప్పి పంపేశారు, అందుకే అడుగుతున్నా.

తెనాలి_ఫ్యాక్టర్8:

2021 జనవరిలో టీకాలు మొదలైనప్పుడు బ్లీడింగ్ సమస్య ఉన్నవాళ్ళకి జాగ్రత్తగా వేయాలని కేంద్రం సూచనల్లో ఉంది. జాగ్రత్తగా వేయండి అన్నదాన్ని చాలాచోట్ల వేయకండి అని చదువుకున్నారు, నన్నూ అలాగే పంపేశారు. తర్వాత మా చాప్టర్ వాళ్ళు మాట్లాడాక ఫ్యాక్టర్ వేయించుకుని వెళ్ళి వేయించుకున్నాను, చెయ్యి రెండ్రోజులు నొప్పి పెట్టింది, అంతే.

హెమటాలజీ_రెసిడెంట్:

వేయించండి, తప్పకుండా. ఫ్లూ టీకాలో ఒకే రకం వైరస్ ఉండదు, ఎ లో రెండు రకాలు, వాటితో పాటు బి కూడా ఉంటుంది. వాడికి వచ్చింది అందులో ఒకటే, మిగతావి ఇంకా రావచ్చు. వాడితో పాటు మీరూ, అమ్మగారూ కూడా వేయించుకుంటే ఇంట్లోకి తెచ్చేవాళ్ళు తగ్గుతారు. ఇప్పుడే వద్దు, ఆ కండరం పూర్తిగా మానాక చూసుకోండి.

టీకా కోసం వేరే ఫ్యాక్టర్ ఖర్చు పెట్టకుండా, ఏదో ఒక అవసరానికి ఫ్యాక్టర్ వేసిన రోజే, వేసిన కాసేపటికి టీకా పెట్టించుకుంటే సరిపోతుంది. కొన్ని ఫ్లూ టీకాలని చర్మం కింద కూడా ఇవ్వొచ్చు, డబ్బా మీద చూసి అడగండి. కండలోకే అయితే సన్నసూది, 25 నుంచి 27 గేజ్. వేశాక దూదితో కనీసం 10 నిమిషాలు అదిమి పట్టాలి, రుద్దకూడదు. సిస్టర్‌కి సూది గుచ్చకముందే చెప్పండి, అలవాటు కొద్దీ వెంటనే రుద్దేస్తారు.